అనాసకాయ, ఎద్దు తోక, ఒక చేప కథ: క్వీర్ వియత్నామీస్ సాహిత్యం మీద నా అండర్‌గ్రాడ్ రీసెర్చ్

పోయిన ఎపిసోడ్ కింద ఎక్కువ లైకులు వచ్చిన కామెంట్ ఒకటుంది. "అక్కా, లిటరేచర్‌లో రీసెర్చ్ ఏం చేస్తారు? ల్యాబ్ ఉండదు, కోడ్ ఉండదు. కథల పుస్తకాలు చదివితే రీసెర్చేనా?" అని.

మంచి ప్రశ్నే. మా నాన్న కూడా సరిగ్గా ఇదే అడిగారు, కాకపోతే లైకులు రాలేదు. కాబట్టి ఇవాళ నా బీఏ చివరి రెండేళ్ళలో నేను చేసిన రీసెర్చ్ గురించి మొదట్నుంచీ చెప్తాను. టాపిక్: అమెరికాలో వియత్నాం మూలాలున్న రచయితలు రాసిన క్వీర్ సాహిత్యం. తెలుగమ్మాయికి వియత్నాంతో ఏం పని అని అడుగుతారు కదా, దానికీ వస్తాను. కొంచెం ఓపిగ్గా వినండి.

ముందు అండర్‌గ్రాడ్ రీసెర్చ్ అంటే ఏంటో. అమెరికాలో చాలా కాలేజీల్లో డిగ్రీ స్టూడెంట్లు కూడా ఒక ప్రొఫెసర్ గైడెన్స్‌లో సొంత ప్రాజెక్ట్ చేయొచ్చు. సైన్స్ వాళ్ళకి ల్యాబ్. మాకు లైబ్రరీ. పని మాత్రం ఒకటే: ఇంకా జవాబు తేలని ఒక ప్రశ్న పట్టుకోవాలి, దాని మీద ఇంతకుముందు ఎవరెవరు ఏం రాశారో చదవాలి, తర్వాత మన జవాబు రాసి దానికి ఆధారం చూపించాలి. సాహిత్యంలో ఆధారం అంటే పుస్తకంలో ఉన్న మాటలే. "నాకు అలా అనిపించింది" అంటే కుదరదు. ఏ పేజీ, ఏ వాక్యం, ఆ వాక్యంలో ఏ మాట? అక్కడిదాకా వెళ్ళాలి. దీన్నే క్లోజ్ రీడింగ్ అంటారు. చివర్లో థీసిస్ రాస్తాం, పోస్టర్ పెట్టి వచ్చినవాళ్ళకి వివరిస్తాం.

ఇప్పుడు నేపథ్యం. రెండు మాటలు తెలిస్తే చాలు, మిగతాది ఈజీ.

మొదటిది డయాస్పొరా. సొంత గడ్డ వదిలి వేరే దేశాల్లో చెదిరిపోయి బతుకుతున్న జనం. వియత్నాం విషయంలో దీనికి ఒక తేదీ ఉంది: 1975 ఏప్రిల్ 30. ఆ రోజు సైగాన్ నగరం ఉత్తర వియత్నాం సేనల చేతికి వచ్చింది, యుద్ధం ముగిసింది. ఆ ఏడాదే దాదాపు 1,25,000 మంది అమెరికా చేరారు. వాళ్ళని ముందు మిలిటరీ స్థావరాల్లో పెట్టిన క్యాంపుల్లో ఉంచారు. మామూలుగా ఎవరైనా స్పాన్సర్ దొరికితే బయటికి. తర్వాత ఇంకో అల. చిన్న చిన్న పడవల్లో సముద్రం మీద పడ్డవాళ్ళు. 1975 నుంచి 1995 దాకా పడవల్లో ప్రాణాలతో ఒడ్డు చేరినవాళ్ళే దాదాపు 8 లక్షలు. చేరనివాళ్ళు ఎంతమందో సముద్రానికే తెలియాలి.

నేను పెరిగిన శాన్ హోసేలో వియత్నాం మూలాలున్నవాళ్ళు లక్షకు పైగా ఉన్నారు. వియత్నాం బయట ఏ నగరంలోనూ అంతమంది లేరని చెప్తారు. మేము ఖమ్మం నుంచి వచ్చినప్పుడు నాకు పదకొండేళ్ళు. మా అపార్ట్‌మెంట్లో కింద, పైన, పక్కన అందరూ వియత్నామీస్ వాళ్ళే. సో, నాకు వియత్నాంతో పని పక్కింట్లోనే మొదలైంది.

రెండో మాట క్వీర్. ఇంగ్లీషులో ఇది ఒకప్పుడు తిట్టు. తర్వాత ఎవర్ని తిట్టారో వాళ్ళే ఆ మాటని తీసుకుని సగర్వంగా వాడటం మొదలెట్టారు. తమలాంటి జెండర్ వాళ్ళనే ప్రేమించేవాళ్ళు, పుట్టినప్పుడు చెప్పిన జెండర్‌లో ఇమడనివాళ్ళు, ఇలా చాలామందికి కలిపి వాడే మాట. ఇంతే.

ఇప్పుడు నా తప్పు గురించి చెప్పాలి. రీసెర్చ్‌లో నాకు నిజంగా ఉపయోగపడింది అదే.

నా మొదటి ప్రపోజల్‌లో ఏం రాశానంటే, వియత్నామీస్ కుటుంబాల్లో సెక్సువాలిటీ గురించి మౌనం ఉంటుంది, అమెరికాలో స్వేచ్ఛ ఉంటుంది, పిల్లలు ఆ మౌనం నుంచి స్వేచ్ఛలోకి వస్తారు, నవలలు ఆ ప్రయాణాన్ని చూపిస్తాయి అని. చాలా నీట్‌గా ఉంది కదా? నాక్కూడా అలాగే అనిపించింది. మా ప్రొఫెసర్ అంతా చదివి ఒకటే అడిగారు. "ఇది నువ్వు పుస్తకంలో చదివావా, పుస్తకం తెరవకముందే అనుకున్నావా? ఏ సీన్‌లో ఉందో చూపించు."

సీన్ కోసం వెతికాను. రెండు వారాలు వెతికాను. నేను అనుకున్నది దొరకలేదు. వేరేది దొరికింది. మూడు పుస్తకాల్లో, మూడు సీన్లు. ఒక్కొక్కటే చెప్తాను.

మొదటిది మోనిక్ ట్రువాంగ్ రాసిన 'ది బుక్ ఆఫ్ సాల్ట్', 2003లో వచ్చింది. ట్రువాంగ్ 1968లో సైగాన్‌లో పుట్టి, 1975లో చిన్నపిల్లగా అమెరికా వచ్చారు. ఈ నవల ఎలా పుట్టిందో వినండి. ప్యారిస్‌లో గెర్ట్రూడ్ స్టైన్ అనే ప్రసిద్ధ అమెరికన్ రచయిత్రి, ఆవిడ జీవిత భాగస్వామి ఆలిస్ బి. టోక్లస్ కలిసి ఉండేవారు. టోక్లస్ 1954లో ఒక వంటల పుస్తకం వేసింది. ట్రువాంగ్ కాలేజీలో ఉన్నప్పుడు ఆ పుస్తకం చదివితే, అందులో తమ ఇంట్లో పనిచేసిన ఇండోచైనా వంటవాళ్ళ ప్రస్తావన కనిపించింది. ఇండోచైనా అంటే అప్పటి ఫ్రెంచ్ పాలనలో ఉన్న వియత్నాం, దాని చుట్టుపక్కల దేశాలు. అంత ప్రసిద్ధమైన ఇంట్లో వంట చేసిన మనిషికి చరిత్రలో దొరికిన చోటు ఒక వంటల పుస్తకంలో చిన్న మూల. ఆ మూలలోంచి ఏళ్ళ తర్వాత ఒక నవల రాశారావిడ. కాలేజీ పిల్ల దృష్టి ఎక్కడ పడాలో అక్కడ పడితే ఏమవుతుందో చూడండి!

నవల్లో ఆ వంటవాడి పేరు బిన్. సైగాన్‌లో గవర్నర్ జనరల్ వంటింట్లో పనిచేస్తూ ఒక ఫ్రెంచ్ షెఫ్‌ని ప్రేమిస్తాడు. అది బయటపడుతుంది. తండ్రి ఇంట్లోంచి గెంటేస్తాడు. ఓడ ఎక్కి చివరికి ప్యారిస్ చేరతాడు. అతనికి ఫ్రెంచ్ అంతంతమాత్రం. ఒకరోజు యజమానురాలికి అనాసకాయ కొనాలని చెప్పాలి. ఫ్రెంచ్‌లో దాని పేరు గుర్తురాలేదు. అప్పుడేమంటాడంటే, ఒక పియర్ పండు కొనాలి, కానీ అది పియర్ కాదు అని. అంటే తెలిసిన పండు పేరు చెప్పి, అది కాదని చెప్తాడు. వినేవాళ్ళకి అది తమాషా. కానీ కథ మొత్తం చెప్పేది బిన్ మనసే కదా, ఆ మనసులో మాత్రం భాష ఏరులా పారుతుంటుంది. పైకి మూడు ముక్కలు, లోపల మూడొందల పేజీలు.

రెండోది ఓషన్ వువాంగ్ రాసిన 'ఆన్ ఎర్త్ వి ఆర్ బ్రీఫ్లీ గార్జియస్', 2019. వువాంగ్ 1988లో వియత్నాంలో పుట్టారు. రెండేళ్ళ వయసులో కనెటికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ వచ్చారు. వాళ్ళమ్మ నెయిల్ సెలూన్‌లో పనిచేసేది. ఆయన మొదటి కవితా సంపుటికి 2017 సంవత్సరపు టి.ఎస్. ఎలియట్ ప్రైజ్ వచ్చింది. ఈ నవల ఒక కొడుకు తల్లికి రాసిన ఉత్తరం. ట్విస్ట్ ఏంటంటే ఆ తల్లికి చదవడం రాదు.

కొడుకు పేరు లిటిల్ డాగ్, అంటే కుక్కపిల్ల అన్నట్టు. వాళ్ళ అమ్మమ్మ పెట్టింది. పిల్లాడికి పనికిరాని దాని పేరు పెడితే దుష్టశక్తులు వాడి జోలికి రావని నమ్మకం. ఇది చదివి నేను ఆగిపోయాను. మన ఊళ్ళల్లో పెంటయ్య, పెంటమ్మ అని పేర్లు ఎందుకు పెట్టేవాళ్ళు? ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, ఈ బిడ్డైనా దక్కాలని. బయటివాళ్ళకి ఆ పేరు అవమానంలా వినిపిస్తుంది. లోపల ఉన్నది భయం, ప్రేమ. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఆ నవల్లో ఒక సీన్. అమ్మ, అమ్మమ్మ, పిల్లాడు సూప్‌కి ఎద్దు తోక కొనడానికి మాంసం కౌంటర్ దగ్గరికి వెళ్తారు. ఇంగ్లీషులో దాన్నేమంటారో ముగ్గురికీ తెలీదు. అమ్మ వీపు వెనక వేలు తోకలా ఆడించి, అంబా అని అరిచి చూపిస్తుంది. కౌంటర్ వెనకాల ఉన్నవాళ్ళు నవ్వుతారు. ఎద్దు తోక దొరకదు, ఇంకేవో కొనుక్కుని ఇంటికొస్తారు. ఇంకెప్పుడూ అమ్మకి మాట లేకుండా పోకూడదని పిల్లాడు ఆ రోజు అనుకుంటాడు. ఇంట్లో అందరికీ దుబాసీ అవుతాడు.

ఈ సీన్ చదివినప్పుడు నాకు మా అమ్మే గుర్తొచ్చింది. మేము వచ్చిన కొత్తలో మా వీధి చివర వియత్నామీస్ షాపులో అమ్మకి చింతపండు కావాలి. ఇంగ్లీషులో ఏమంటారో తెలీదు. నేను స్కూల్లో ఉన్నాను. అమ్మ నాలుక చప్పరించి, ఒక కన్ను మూసి, పులుపు తగిలిన మొహం పెట్టిందట. కౌంటర్ దగ్గరున్న ఆవిడ పగలబడి నవ్వి, లోపలికెళ్ళి చింతపండు ముద్ద తెచ్చి చేతిలో పెట్టిందట. వాళ్ళూ పులుసుల్లో చింతపండు వాడతారు కదా. ఆ రోజు నుంచి ఇద్దరూ ఫ్రెండ్స్. ఒకరి భాష ఇంకొకరికి ఇప్పటికీ రాదు.

మూడోది 'ది మ్యాజిక్ ఫిష్', 2020. బొమ్మల నవల. రాసింది, గీసింది ట్రుంగ్ లే న్యుయెన్. తియెన్ అనే స్కూలు పిల్లాడు. అమ్మానాన్నలు వియత్నాం నుంచి వచ్చిన శరణార్థులు. లైబ్రరీ నుంచి తెచ్చిన జానపద కథల పుస్తకాలు తియెన్, వాళ్ళమ్మ కలిసి చదువుకుంటారు. తియెన్‌కి ఒక విషయం ఇంట్లో చెప్పాలని ఉంది. తను గే అని. కానీ దానికి వియత్నామీస్‌లో సరైన మాటేంటో వాడికి తెలీదు. అమ్మకి ఇంగ్లీషులో చెబితే ఎంతవరకు చేరుతుందో తెలీదు. పుస్తకంలో రంగులు గమనించండి. ఇప్పటి కథ ఎరుపు, అమ్మ గతం పసుపు, జానపద కథలు నీలం. ఒకే పేజీలో మూడు రంగులు కలిశాయంటే మూడు కాలాలు కలిశాయని అర్థం.

చూశారా? అనాసకాయ, ఎద్దు తోక, గే. మూడు పుస్తకాలు, ముగ్గురు రచయితలు, మూడు చోట్లా ఒకటే సమస్య: చెప్పాల్సింది ఉంది, దానికి పేరు లేదు.

నేను 'మౌనం' అని ప్రపోజల్‌లో రాసింది నిజానికి మౌనం కాదు. నామవాచకం లేకపోవడం. రెండూ ఒకటి కాదు. బిన్ మౌనంగా లేడు, మాట్లాడుతున్నాడు. లిటిల్ డాగ్ వాళ్ళమ్మ మౌనంగా లేదు, అంబా అని అరుస్తోంది. మాట లేనప్పుడు మనిషి చుట్టు తిరిగి వస్తాడు. ఆ చుట్టుదారిని చదవడమే నా రీసెర్చ్ అయింది.

ఇక్కడ కొంచెం భాష సంగతి. 'గే' అనడానికి వియత్నామీస్‌లో మాటలు లేవా? ఉన్నాయి. ఒకటి పె-దే. ఫ్రెంచ్‌లో ఒక తిట్టు మాట నుంచి వచ్చింది, వలస పాలన వదిలిపెట్టి వెళ్ళిన సామాన్లలో ఒకటి. ఇంకోటి డోంగ్ తిన్. చైనీస్ మూలాల నుంచి కట్టిన మర్యాదైన పదం, పేపర్ల భాష. అంటే ఒకటి తిట్టు, ఒకటి పాఠ్యపుస్తకం. అమ్మ ముందు కూర్చుని మాట్లాడటానికి రెండూ పనికిరావు.

మనకేమైనా తేడానా? తెలుగు పేపర్లో 'స్వలింగ సంపర్కులు' అని వేస్తారు. ఆ మాటలో సంపర్కం ఉంది. ప్రేమ లేదు, మనిషి లేదు, ఎదురుచూపు లేదు. వీధిలో వాడే మాటలు నేనిక్కడ పలకను, మీకు తెలుసు. మిగిలింది ఇంగ్లీషు. అందుకే మన పిల్లలు తెలుగు వాక్యం మధ్యలో ఇంగ్లీషు మాట ఒకటి పెట్టి గబగబా దాటేస్తారు.

ఇంకో విషయం. వియత్నామీస్‌లో నేను, నువ్వు అనడానికి మామూలుగా చుట్టరికం మాటలే వాడతారు. అమ్మతో మాట్లాడే పిల్లలు తమని తాము 'కాన్' అంటారు. అంటే బిడ్డ. "నేను గే" అని ఇంగ్లీషులో చెప్పే 'నేను' ఒంటరిగా నిలబడుతుంది. వియత్నామీస్‌లో అమ్మతో అదే చెప్పాలంటే వాక్యం మామూలుగా 'బిడ్డ' అనే మాటతోనే మొదలవుతుంది. చుట్టరికం తెంచుకుని చెప్పడం అమ్మతో మామూలు మాటల్లో కుదరదు. ఇది నాకు చాలా పెద్ద విషయంలా అనిపించింది. అమెరికన్ సినిమాల్లో ఇల్లు వదిలి, సూట్‌కేస్ పట్టుకుని 'ఇదీ నేను' అంటారు కదా, ఆ మోడల్ ఇక్కడ సరిపోదు.

సరే, మరి వాళ్ళు ఎలా చెప్పారు? లిటిల్ డాగ్ ఒక డోనట్ షాపులో అమ్మకి చెప్తాడు. పె-దే అన్న మాట వాడడు. తనకి అమ్మాయిలంటే ఇష్టం లేదని చెప్తాడు. పేరు లేదు కాబట్టి వాక్యం చెప్పాడు. అమ్మ కంగారుపడుతుంది. గౌన్లు వేసుకుంటావా, జనం చంపేస్తారు అని భయపడుతుంది. కానీ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదని కూడా అంటుంది. ఆ తర్వాత తన జీవితంలోని ఒక రహస్యాన్ని, వాడికంటే ముందు కడుపులో పడి పుట్టకుండా పోయిన బిడ్డ సంగతిని, వాడికి చెప్తుంది. మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. కొడుకు ఇంత పెద్ద విషయం చెబితే ఈవిడ తన కథ మొదలెట్టిందేంటి అని. నాలుగోసారి చదివినప్పుడు అర్థమైంది. ఆవిడ టాపిక్ మార్చలేదు. బాకీ తీర్చింది. నువ్వు ఒక నిజం ఇచ్చావు, ఇదిగో నాది.

'మ్యాజిక్ ఫిష్'లో ఇంకా అందంగా ఉంటుంది. చివర్లో అమ్మే కథ అందుకుంటుంది. ముగింపు మార్చి చెప్తుంది. ఆ మార్పులోనే కొడుక్కి జవాబు ఉంది. ఇంతకంటే చెప్పను, చదవండి.

ఇదీ నా థీసిస్: ఈ పుస్తకాల్లో చెప్పడం అంటే ఒక పదాన్ని ప్రకటించడం కాదు. ఇద్దరికీ సగం సగం వచ్చిన భాషలో, ఇద్దరూ నడవగలిగే దారి ఒకటి వేసుకోవడం. దానికి వంట పనికొస్తుంది, ఉత్తరం పనికొస్తుంది, చేప కథ పనికొస్తుంది.

ఇక్కడ ఆగితే బాగుండేది. కానీ రీసెర్చ్‌లో మన వాదనకి ఎదురు సాక్ష్యం కూడా మనమే వెతకాలి. మా ప్రొఫెసర్ మళ్ళీ అడిగారు. "నువ్వు మౌనానికి మరీ అందమైన బట్టలు తొడుగుతున్నావేమో?" అని.

నిజమే. బిన్‌ని తండ్రి గెంటేశాడు. అక్కడ దారీ లేదు, చేప కథా లేదు. పుస్తకం బయట కూడా చూడండి. కాలిఫోర్నియాలో లిటిల్ సైగాన్ అని పిలిచే పెద్ద వియత్నామీస్ ప్రాంతం వెస్ట్‌మిన్‌స్టర్ నగరంలో ఉంది. అక్కడ టెట్, అంటే వాళ్ళ కొత్త సంవత్సరం పరేడ్ జరుగుతుంది. 2013లో వియత్నామీస్ ఎల్జీబీటీ సంఘాలని నిర్వాహకులు పరేడ్‌లో నడవనివ్వలేదు. వాళ్ళు ఊరుకోలేదు. 2014లో నడిచారు. గట్టిగా, పేరు పెట్టి, బ్యానర్ పట్టుకుని అడగాల్సిన చోట్లు కూడా ఉంటాయి. వంటింట్లో వాక్యం చాలొచ్చు. వీధిలో పేరు కావాలి. ఇది నా థీసిస్‌లో నాలుగో చాప్టర్ అయింది.

ఇంకో ఎదురు సాక్ష్యం. అమెరికా అంటే స్వేచ్ఛ అన్నాను కదా మొదట్లో. వియెట్ థాన్ న్యుయెన్, 'ది సింపథైజర్' నవలకి 2016లో పులిట్జర్ అందుకున్న రచయిత. ఆయన కథల సంపుటి 'ది రెఫ్యూజీస్' 2017లో వచ్చింది. అందులో 'ది అదర్ మ్యాన్' అనే కథ. 1975లో లియెమ్ అనే కుర్రాడు శరణార్థిగా శాన్ ఫ్రాన్సిస్కో వస్తాడు. అతని స్పాన్సర్లు ఒక గే జంట. స్వేచ్ఛ ఎదురుగా సోఫాలో కూర్చుని ఉంది. అయినా వియత్నాంలో ఉన్న ఇంటికి ఉత్తరం ఎలా రాయాలన్నది లియెమ్‌కి ప్రశ్నే. ఊరు మారింది, ప్రశ్న మారలేదు.

చట్టం సంగతి కూడా చాలామంది అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. ఫ్రాన్స్ 1791లోనే ఇలాంటి సంబంధాలని నేరాల జాబితా నుంచి తీసేసింది. కాబట్టి ఫ్రెంచ్ పాలనలో ఉన్న వియత్నాంకి మన 377 లాంటి సెక్షన్ రాలేదు. చట్టం రాలేదు కానీ తిట్టు వచ్చింది. మనకి 1860లో బ్రిటిష్ వాళ్ళు సెక్షన్ ఇచ్చి వెళ్ళారు. పెద్దవాళ్ళ మధ్య ఇష్టపూర్వక సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పింది 2018 సెప్టెంబర్ 6న. వియత్నాంలో ఒకే జెండర్ వాళ్ళ పెళ్ళి మీద ఉన్న నిషేధాన్ని 2015 జనవరి 1 నుంచి తీసేశారు. కానీ ఆ పెళ్ళికి చట్టపరమైన గుర్తింపు ఇవ్వలేదు. మన దగ్గర 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు కూడా పెళ్ళి హక్కు ఇవ్వలేదు. అంటే రెండు దేశాల్లోనూ ఇంకా మధ్య దారిలోనే ఉన్నాం.

ఇప్పుడు మొదటి ప్రశ్న. తెలుగమ్మాయికి ఈ టాపిక్ ఎందుకు?

మొదటి ఏడాదంతా ఎవరడిగినా "ఇంట్రెస్టింగ్‌గా ఉంది" అని చెప్పేదాన్ని. పోస్టర్ ముందు నిలబడి పదిసార్లు అదే చెప్పాను. అది అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం ఏంటంటే, నాకు అమ్మాయిలంటే ఇష్టం. ఆ మాట మా అమ్మకి ఎలా చెప్పాలో నాకు తెలీదు. తియెన్ వెతికిన మాటే నేనూ వెతుకుతున్నాను, తెలుగులో.

వేసవి సెలవుల్లో ఒకరోజు అమ్మ అడిగింది. "ఏమే, రెండేళ్ళుగా ఏదో రాస్తున్నావు. ఏం రాస్తున్నావో నాకోసారి చెప్పవా?" వంటింట్లో టేబుల్ మీద 'మ్యాజిక్ ఫిష్' పెట్టాను. బొమ్మల పుస్తకం కాబట్టి సరిపోయింది. పేజీ తిప్పుతూ తెలుగులో చెప్పుకుంటూ వెళ్ళాను. చేప, రాకుమారి, పడవ, అన్నీ బాగానే నడిచాయి. తియెన్ పేజీ వచ్చింది. ఇక్కడ ఏ మాట వాడాలి? పేపర్ మాట నోటికి రాలేదు. ఇంగ్లీషు మాట వాడితే అమ్మ "అంటే?" అంటుంది. ఐదు సెకన్లు ఆగి ఉంటాను. తర్వాత అన్నాను, "వీడికి ఇంకో అబ్బాయంటే ఇష్టమమ్మా. అమ్మకి ఎలా చెప్పాలో తెలీట్లేదు."

అమ్మ బొమ్మ వైపే చూస్తూ, "పాపం. తల్లికి తెలీకుండా ఉంటుందా?" అంది.

అంతే. రెండేళ్ళు వెతికిన మాట అక్కడ అవసరమే పడలేదు. ఒక మామూలు వాక్యం సరిపోయింది.

నా సంగతి ఆ రోజు చెప్పలేదు. మూడు వారాల తర్వాత చెప్పాను, అదే వాక్యంతో, అబ్బాయి బదులు అమ్మాయి పెట్టి. సినిమాలోలా కౌగిలింతలు ఏం లేవు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ నాన్నకి ఇప్పుడే చెప్పకు" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏడ్చాను కూడా. తెల్లారుజామున, రెండేళ్ళ అలవాటు కదా, ఆ వాక్యాన్ని పుస్తకంలో వాక్యంలా మళ్ళీ చదివాను. చెప్పకు అనలేదు. ఇప్పుడే చెప్పకు అంది. 'ఇప్పుడే'లో ఇంకో రోజు ఉంది. పెంటయ్య అని పేరు పెట్టినట్టే, పైకి అవమానంలా ఉన్నా లోపల ఉన్నది భయమే. నేను తప్పు చదువుతున్నానేమో, ఎక్కువ ఆశపడుతున్నానేమో కూడా. కానీ మర్నాడు అమ్మ, "ఆ చేప పుస్తకం ఇంకోసారి చెప్పవే" అంది. ఆధారం అంటే అది.

నాన్నకి తర్వాత తెలిసింది. ఆ కథ ఇంకా నడుస్తోంది కాబట్టి ఈ ఎపిసోడ్‌లో చెప్పను. ఈ వీడియో పెట్టేముందు ఇద్దరినీ అడిగాను. అమ్మ "చింతపండు సంగతి కూడా చెప్పు" అంది.

ఇది వింటున్నవాళ్ళలో నాలాంటి వాళ్ళు ఉంటారు. మీకో మాట. నేను చెప్పాను కాబట్టి మీరూ చెప్పాలని రూలేం లేదు. ఫీజు, తిండి, ఇల్లు అన్నీ ఇంటి మీదే ఆధారపడి ఉండి, చెబితే ప్రమాదం అనిపిస్తే, చెప్పకపోవడం పిరికితనం కాదు. ముందు మీ భద్రత. నమ్మకమున్న ఒక్క మనిషితో మొదలుపెట్టండి. చెప్పడం ఒక్కరోజులో రాసే పరీక్ష కాదు.

ఇక రీసెర్చ్ చేయాలనుకునేవాళ్ళకి. ఇండియాలో డిగ్రీ చదువుతున్నా మొదలుపెట్టొచ్చు. పెద్ద టాపిక్ వద్దు. ఒక పుస్తకం, ఒక సీన్, మిమ్మల్ని ఆపేసిన ఒక్క మాట. దాన్ని నోట్‌బుక్‌లో రాసుకోండి, ఎందుకు ఆపిందో రాయండి. మీ లెక్చరర్లలో ఒకరికి చూపించండి. మనుషుల్ని ఇంటర్వ్యూ చేసేట్టయితే మాత్రం కాలేజీలో ఎథిక్స్ కమిటీ ఉందేమో కనుక్కోండి, ముందే వాళ్ళ అనుమతి, ఆ మనుషుల అనుమతి తీసుకోండి. పేర్లు మార్చండి. క్వీర్, డయాస్పొరా రెండూ కలిపి ఇండియా కోణంలో చదవాలంటే గాయత్రీ గోపీనాథ్ 2005లో రాసిన 'ఇంపాజిబుల్ డిజైర్స్' ఉంది, దక్షిణాసియా సినిమాలు, సాహిత్యం మీద. కొంచెం కష్టంగా ఉంటుంది, నాకూ రెండుసార్లు పట్టింది.

అన్నిటికంటే ముఖ్యం, మీ మొదటి వాదన తప్పైతే సంతోషించండి. నాది తప్పు కాబట్టే ఈ ఎపిసోడ్ ఉంది.

కామెంట్లలో ఒకటి చెప్పండి. మీ ఇంట్లో పేరు లేక, చుట్టు తిరిగి చెప్పుకున్న విషయం ఏదైనా ఉందా? పెద్దదే అక్కర్లేదు, చింతపండైనా పర్లేదు. అన్నీ చదువుతాను. వచ్చే వారం కలుద్దాం. ఉంటాను మరి.